గండికోటను గెలిచింది విషమా, ఫిరంగా?

ఎర్రగుంట్లలో రైలు దిగి జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయేవాళ్లు పెన్న లోయ అంచున ఫొటోలు దిగుతారు, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు చూస్తారు. ఇంతటి కోట ఎట్లా పోయిందని అడిగితే మనవైపు వినిపించే జవాబు ఒకటే: కోటను ఏలిన పెమ్మసాని చినతిమ్మానాయుడికి సొంతవాళ్లే విషం పెట్టారు.

ఆ కథను చెప్పుకోవద్దని అనను. అక్కడితో ఆపేయడమే నాకు నచ్చదు. ముట్టడి గురించి ఆ కాలంలోనే రాసిపెట్టినవాడు ఒకడున్నాడు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చి, దాన్ని గెలిచిన మీర్ జుమ్లాను కలిశాడు.

మీర్ జుమ్లా పారశీకంలో నూనె వర్తకుడి కొడుకు. గోల్కొండకు వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, అబ్దుల్లా కుతుబ్‌షాకు ప్రధాని అయ్యాడు. సైన్యం నడిపేటప్పుడు ఫిరంగిదళాన్నే ఎక్కువగా నమ్ముకున్నాడు. అందుకోసం ఫ్రెంచి, డచ్చి, ఇంగ్లీషు గోలందాజులను కొలువులో పెట్టుకున్నాడు. గండికోట దారికి ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. నాలుగు ఫిరంగులను పైకి చేరిస్తే మామూలు జీతం కాక నాలుగు నెలల జీతం ఇస్తానని వాళ్లకు మాట ఇచ్చాడట. వాళ్లు చేర్చారు. వాకిలి కాచే ఫిరంగి దెబ్బతినగానే రాజు మంచి షరతుల మీద కోట అప్పగించాడని టావెర్నియే రాశాడు. అందులో విషం ఊసు లేదు.

విషం కథలో తిట్టుకోవడానికి ఒక ద్రోహి దొరుకుతాడు. ఫిరంగి కథ అట్లా వదలదు. యుద్ధవిద్య మారిపోతుంటే, లోయను, రాతిగోడను నమ్ముకుని కూర్చున్నవాళ్లను అది నిలదీస్తుంది. అందుకే నాకు అది ముఖ్యం.

గెలిచాక జరిగింది ఇంకా బాధాకరం. మాయ్ అనే ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోస్తానన్నాడు. రాగి కోసం గుళ్లలోని విగ్రహాలను పట్టుకొచ్చి కరిగించారు. గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత కాచినా కరగలేదు. పూజారులే మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడు. చివరికి ఒక్క ఫిరంగీ సరిగా రాలేదు, మాయ్ కొలువు వదిలి పోయాడు. తరతరాలు దండం పెట్టుకున్న మూర్తులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. చదివిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

మీర్ జుమ్లా తరువాత మొగలుల పక్షాన చేరి, 1659లో ఖజ్వా యుద్ధంలో ఔరంగజేబు కోసం పోరాడాడు. బెంగాలును ఏలి, అస్సాం దండయాత్ర నుంచి తిరిగొస్తూ 1663లో చనిపోయాడు.

టావెర్నియే రాసిన ఆ కొద్ది పేజీలను తెలుగులో అచ్చువేసి, కోట వాకిట్లో పెద్ద పలక మీద పెట్టాలని పర్యాటక శాఖను కోరుతున్నాను. పక్కనే విషం కథా ఉండనీ. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల బడిపిల్లలు విహారయాత్రకు వచ్చినప్పుడు రెండూ చదివి, వాళ్ల అయ్యవార్లతో వాదించుకోనీ.