విడిభాగముల గుత్తకు భద్రత ముసుగు

తాము తయారుచేసిన కార్ల విడిభాగములను వీథిమెకానిక్కులకు అమ్మకుండుట లాభాపేక్షచేత గాదనియు, నైపుణ్యము లేని చేతులలో పడి వాహనయజమాని ప్రాణములకు ముప్పు వాటిల్లకుండుటకే యనియు దేశములోని పెద్ద కార్ల కంపెనీలు భారత కాంపిటీషన్ కమిషన్ యెదుట వాదించినవి. 2014 ఆగస్టు 25వ తేదీ యుత్తరువులో కమిషన్ ఈ వాదమును త్రోసిపుచ్చి, పదునాలుగు కంపెనీలపై మొత్తము 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ మొత్తము న్యాయమైనదా, అధికమా యన్నది పై న్యాయస్థానములు తేల్చగలవు. అచటికి పోవు హక్కు కంపెనీలకు గలదు, పోవుగాక. మమ్ము కలతపెట్టినది, ప్రాణరక్షణ యను మాటను బిల్లుపుస్తకమునకు అట్టగా వాడుకొన్న సాహసము. కమిషన్ యెదుట ఓడినంతమాత్రమున ఆ వాదము చచ్చినది కాదు. తమిళనాట మా రాజపాళయమునుండి మదురైకు కారు నడపుకొనిపోయి, సర్వీసు సెంటరు కౌంటరువద్ద నిలిచి, బిల్లు చూచి నోరు వెళ్లబెట్టిన ప్రతివానికిని నేటికిని వినవచ్చు సమాధాన మదియే.

నకిలీ బ్రేకు ప్యాడు మనుష్యుని చంపగలదన్నది నిజము. పని తెలియనివాని చేతిలో మంచి యింజనుకూడ పాడగునన్నదియు నిజము. అంతవరకు కంపెనీల మాట మాకు సమ్మతమే.

అయితే నకిలీ సరుకు ఎచ్చట వర్ధిల్లుచున్నది? అసలు సరుకు దొరకని చోటనే గదా! తెన్‌కాశి రోడ్డు షెడ్డులో కారు క్రింద పండుకొని, అరిగి రేకు తేలిన ప్యాడును విప్పి చేతబట్టుకొన్న మేస్త్రికి, కంపెనీముద్రగల కొత్త జత అంగడిలో దొరకినయెడల దానినే వేసెడివాడు. కంపెనీ తన డీలరు షెడ్డుకు తప్ప అన్యులకు ఈయనన్నది గనుక, అట్టపెట్టెపై అచ్చుతప్పులున్న ఏదో జతను వెదకికొని తెచ్చును. అట్లు తెచ్చినందుకు వానిని దోషిగా నిలుపుటయు, అట్లు తేవలసిన గతి కల్పించినవారే ప్రజారక్షకులుగా నిలుచుటయు నేటి వింత. నకిలీవలన నిజముగా భయపడువాడు అసలు సరుకును ఊరూరికి పంపును, ప్రతి పెట్టెపై ధర అచ్చువేయించును, అసలుకును నకిలీకిని భేదమును మేస్త్రికి నేర్పును. వస్తువును తాళము వేసి దాచి, దాని లేమివలన పుట్టిన కీడును చూపి, ఆ తాళమునకే కారణము చెప్పుకొనడు.

మరియొక సంగతి. కారుపై పేరు వేసికొన్న కంపెనీ తన కారులోని ప్రతి వస్తువును తానే చేయునని భ్రమించువా రింకను గలరు. హెడ్‌లైటు ఒకచోట, స్టార్టరు మోటారు వేరొకచోట, బ్రేకు మరియొకచోట తయారగును. మన మద్రాసు ప్రక్కన పాడి, అంబత్తూరు ప్రాంతములలో ఇట్టి కర్మాగారములు అనేకములు దశాబ్దములుగా నడచుచున్నవి. ఈ తయారీదారులు తమ వస్తువులను నేరుగా అంగడిలో అమ్మకుండునట్లు పలు కార్ల కంపెనీలు ఒడంబడికలలో కట్టడి చేసినవని కమిషన్ నిర్ధారించినది. ఒకే యంత్రముపై, ఒకే కూలివాని చేతిలో, ఒకే పూటలో తయారైన రెండు వస్తువులలో, కంపెనీపెట్టెలోనికి పోయినది ప్రాణములు కాపాడుననియు, నేరుగా షెడ్డుకు వచ్చినది ప్రాణములు తీయుననియు నమ్మవలెనట! పెట్టెలో ఏ మంత్రమున్నదో కంపెనీలే చెప్పవలెను.

ధరలయొద్దకు వచ్చునప్పటికి ఈ వాదము ముసుగుకూడ విడిచినది. ఎక్కువగా అమ్ముడుపోవు విడిభాగములపై కంపెనీలు వేసికొన్న లాభము నూటికి నూరు మొదలుకొని కొన్ని వస్తువులపై నూటికి సుమారు అయిదువేలవరకు పోయినదని ఉత్తరువులో గలదు. అనగా నూరు రూపాయలకు వచ్చిన వస్తువు అయిదువేల పైచిలుకునకు అమ్ముడుపోవుట. ఇందులో భద్రతపాలెంత? బంపరును పట్టి యుంచు ప్లాస్టికు క్లిప్పులోను, తలుపు పిడిలోను, ప్రక్క అద్దపు డొప్పలోను ఎవరి ప్రాణము దాగియున్నది? నిజముగా ప్రాణము దాగియున్న వస్తువుల సంగతి ఇంకను దారుణము. అద్దెకారు నడపుకొని బ్రతుకువాడు ప్యాడ్ల ధర విని, ఈ నెలకు ఎట్లో నెట్టుకొనిపోవుదమని వెనుకకు మరలును; ఆ నెల రెండు నెలలగును; అరిగిన బ్రేకులతోనే కుర్తాళము జలపాతముల సీజనులో ఆరుగురిని ఎక్కించుకొని వానలో బయలుదేరును. ధర పెంచి మరమ్మతును వాయిదా వేయించుటకంటె పెద్ద ప్రమాదకారణము ఏ వీథిషెడ్డులో గలదో మేమెరుగము.

నైపుణ్యపు మాటయు ఇట్టిదే. మన ఊరి షెడ్డులలో పనిచేయువారందరు గాలికి పుట్టినవారు కారు. ఐ.టి.ఐ.లో చదివి, మదురైలోనో తిరునెల్వేలిలోనో కంపెనీడీలరువద్ద చాలీచాలని జీతమునకు కొన్నేండ్లు చేసి, పని చేతికి వచ్చినపిదప ఊరు చేరి సొంత షెడ్డు వేసికొన్నవారు వీరిలో ఎందరో గలరు. గేటు లోపల నున్నంతకాలము గంటకు ఇంతయని కారుగలవానిచే కట్టించిన ఆ నైపుణ్యము గేటు దాటిన మరునాడే ఆవిరియై పోవునా? 2014 మే నెలలో పశ్చిమబెంగాలులోని ఉత్తరపారాలో అంబాసిడరు కారు తయారీ నిలిచినది. అర్ధశతాబ్దికి పైగా కన్యాకుమారినుండి కాశ్మీరమువరకు ఆ బండిని నడపించినవారు రోడ్డుప్రక్క మేస్త్రులే. ఏ చెట్టుక్రిందనైనను దాని విడిభాగము దొరకెడిది. దానిని తయారుచేసిన కంపెనీయు జరిమానా పడిన ఈ పదునాలుగింటిలో నొకటిగా నిలిచియుండుట, కాలవైపరీత్య మనవలెను.

పరదేశములందు ఈ కంపెనీలలో పెక్కింటి మాతృసంస్థలకు ఇట్టి భయము పట్టినట్లు తోపదు. స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగములు దక్కకుండ చేయు ఒడంబడికలకు యూరోపియను యూనియను 2010లో చేసిన 461వ నిబంధన రక్షణ నిరాకరించినది. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి, మరమ్మతుకు వలయు సమాచారమును స్వతంత్ర షెడ్డులకును ఇచ్చితీరవలెనని శాసించినారు. జర్మను ప్రాణము అగ్గువయనియు, భారతీయప్రాణము అమూల్యమనియు తలచి మన యెడల ఇంత జాగరూకత వహించుచున్నారని మురిసిపోవలెనా?

బిల్లులోని లేబరు పద్దుయు ఈ గుత్తలోనిదే. విడిభాగము తనయొద్ద మాత్రమే దొరకునన్న ధీమా గలవాడు కూలిరేటునుకూడ తానే నిర్ణయించును. బేరమాడుటకు ప్రక్కన వేరొక తలుపు లేదు. హెడ్‌లైటును పట్టియుంచు చిన్న ప్లాస్టికు చెవి విరిగినయెడల మొత్తము అసెంబ్లీయే మార్చవలె నందురు. దానికై బంపరు విప్పవలెను, విప్పినందుకు ఒక పద్దు; ఆ బంపరుపై గీత చెరుపుటకు రంగు వేసినయెడల మరల విప్పినట్లు మరియొక పద్దు. విప్పినది ఒకమారా, రెండుమార్లా యని కారుగలవాడు అడుగదలచిన, వాడు గాజుగోడ కీవల టీ త్రాగుచు కూర్చుండినవాడాయెను. లోపల జరిగినది వాడు చూడలేదు. షెడ్డులో మేస్త్రితో కూలి ముందుగా మాటలాడుకొందుము, పని కన్నులయెదుట జరుగును, విప్పిన పాత వస్తువు మన చేతిలో పెట్టును. వారిలో మోసగాండ్రు లేరని మేమనము. మోసగించినవానిని విడిచి మరునాడు ప్రక్క షెడ్డుకు పోవచ్చునని మాత్రమే అనుచున్నాము.

కొల్లము రహదారిపై కార్తికము మొదలు మకరసంక్రాంతివరకు మన తెలుగునాటినుండి అయ్యప్పభక్తుల బండ్లు బారులుగా పోవును. అర్ధరాత్రి శివగిరి దాటినపిదప ఏ బండియో ఆగిపోయిన, నిద్రలేచి టార్చిలైటు పట్టుకొని వచ్చువాడు ఏ అధీకృత సర్వీసు సెంటరు మేనేజరును కాడు. నైపుణ్యహీనుడని కంపెనీలు కమిషన్ యెదుట దూషించినది వానినే. ఆ దూషణకు కమిషన్ జరిమానా వేయలేదు. మా కోపములో కొంత వానికొరకు.

ఉత్తరువులోని ఆజ్ఞలు చక్కనివే. విడిభాగములను, మరమ్మతు సాధనములను స్వతంత్ర షెడ్డులకు అందనీయవలెననియు, ధరలను వెబ్‌సైటులో బహిరంగపరచవలెననియు, బయట మరమ్మతు చేయించినంతమాత్రమున వారంటీ రద్దగునని బెదరింపరాదనియు కమిషన్ చెప్పినది. విచారణ సాగిన పదునేడు కంపెనీలలో మూడింటి విషయము అప్పటికి వేరుగా నిలిచియుండెను. అందొకటి శ్రీపెరుంబుదూరు దాపున కార్లు చేయుచు, కమిషన్ అధికారమునే ప్రశ్నించుచు మద్రాసు హైకోర్టు కెక్కిన హ్యుందాయి. మన వీథులలో ఆ కారు లేని వీథి యేది? 

అయితే ధరల పట్టిక వెబ్‌సైటులో నున్నంతమాత్రమున చాలదు. బిల్లు వ్రాయు కౌంటరుపైన గోడకు, తమిళములో, ఒక్కొక్క పనికి లేబరు ఇంతయనియు, ఒక్కొక్క వస్తువు ఖరీదు ఇంతయనియు వ్రేలాడదీయించు అధికారము కేంద్ర రాష్ట్రప్రభుత్వములకు గలదు. దానిని వాడుటకు సుప్రీంకోర్టు తీర్పుకై వేచియుండ నక్కరలేదు. ఇక జరిమానా వసూలైనను అది భారత సంచితనిధికి చేరును. అధికధర చెల్లించినవానికి అందులో పైసయు రాదు. పరిహారము కావలసినవాడు ఢిల్లీలోని అప్పిలేట్ ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునని చట్టము సెలవిచ్చుచున్నది. నాలుగువేల రూపాయల అద్దమునకై రాజపాళయమునుండి ఢిల్లీకి పోవువాడెవడు? ఇట్టి చిన్న ఫిర్యాదులనన్నిటిని ఒక్కటిగా చేర్చి, వాహనయజమానుల పక్షమున కేంద్రప్రభుత్వమే ఆ దరఖాస్తు దాఖలు చేయవలెను. ఆ పని కంపెనీల అప్పీళ్లు నలుగునంతలో ఆరంభము కావలెను. పాత బిల్లులు గలవారు వానిని పారవేయక దాచియుంచుడు.