పూర్తిగా వచ్చాకే మొదలుపెడతారా?

వెనెజువెలాలో క్వాత్రో అనే వాయిద్యం ఉంది. చూడటానికి చిన్న గిటార్‌లా ఉంటుంది, తీగలు నాలుగే. అక్కడి జానపద సంగీతం హోరోపోలో హార్ప్, మరకాస్‌ల పక్కన ఇది వినిపించాల్సిందే. దీన్ని శృతి చేసుకోవడానికి వాళ్లకో కిటుకుంది. ‘కమ్-బుర్-పిన్-తోన్’ అని పాడుకుంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో తీగ సరిచేసుకుంటారు. ఆ మాటకి అర్థం ‘దోర అరటిపండు’. స్వరాల పేర్లు తెలియని పిల్లాడు కూడా ఆ పాటతో తీగలు సరిచేసుకోగలడు. సిద్ధాంతం తర్వాత నేర్చుకోవచ్చు, ముందు చెయ్యి తీగ మీద పడాలి.

ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఈ అరటిపండు గోల ఏంటంటారా? నా బ్లాగుకి వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ ఇలాంటివే ఉంటాయి: ‘అన్నా, ఇంకో కోర్సు చేశాక అప్లై చేస్తే బెటరా?’, ‘డీఎస్ఏ మొత్తం అయ్యాక ప్రాజెక్ట్ మొదలుపెడదామనుకుంటున్నా’. ముందు నేర్చుకోవడం, తర్వాత చేయడం అని రెండుగా విడదీసి, మొదటి దాంట్లోనే ఏళ్లు గడిపేస్తున్నారు. పైగా గదిలో ఒక్కరే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో. నా ఉద్దేశంలో మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది తెలివి తక్కువై కాదు, ఈ పద్ధతే. దీన్ని తలకిందులు చేసిన వాళ్ల కథ ఒకటి చెప్తాను.

పదకొండు మందితో...

1975లో కారకస్‌లో హోసే ఆంటోనియో అబ్రేయు అనే ఆర్థికవేత్త, సంగీతకారుడు యువ ఆర్కెస్ట్రా పెడదామనుకున్నారు. రిహార్సల్ జరిగింది ఒక గ్యారేజ్‌లో. వంద మంది కోసం 50 మ్యూజిక్ స్టాండ్లు సిద్ధం చేస్తే, వచ్చింది పదకొండు మంది. ఆపేయాలా, వీళ్లనే పెంచాలా అనేది ఆయన ముందున్న ప్రశ్న. ఆయన రెండోదే ఎంచుకున్నారు. అదే ఇవాళ ప్రపంచమంతా ‘ఎల్ సిస్తేమా’ అని పిలిచే వ్యవస్థ. 2021 నవంబరులో కారకస్‌లో 8,573 మంది కలిసి చైకోవ్‌స్కీ సంగీతం వాయించి, ప్రపంచంలోనే అతిపెద్ద ఆర్కెస్ట్రాగా గిన్నిస్ రికార్డు సాధించారు.

మరి వీళ్లు చేసింది ఏంటి? మామూలుగా వయోలిన్ అంటే గురువు దగ్గర ఒంటరిగా ఏళ్లపాటు సాధన, ఆ తర్వాతే బృందంలో చోటు. ఇక్కడ పిల్లాడు మొదట్నుంచే బృందంలో కూర్చుంటాడు. మరీ చిన్నవాళ్లయితే అట్టలతో, కాగితంతో వయోలిన్లు తయారుచేసుకుంటారు. దాన్ని ‘కాగితపు ఆర్కెస్ట్రా’ అంటారు. శబ్దం రాదు, కానీ వాయిద్యం ఎలా పట్టుకోవాలో, పక్కవాడితో కలిసి ఎలా కూర్చోవాలో తెలిసిపోతుంది. కొంచెం ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకి నేర్పుతారు. కచేరీలు తరచూ ఉంటాయి కాబట్టి ‘ఎప్పుడో సిద్ధమవుతాం’ అనే మాటకి చోటుండదు.

ఈ బృందాల్లోంచి వచ్చినవాడే బార్కిసిమేతో ఊరి కుర్రాడు గుస్తావో దూదమెల్. 2009లో, 28 ఏళ్లకే లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మోనిక్‌కి సంగీత దర్శకుడయ్యాడు. ఎడిక్సన్ రుయిజ్ 17 ఏళ్లకే బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌లో డబుల్ బాస్ వాద్యకారుడిగా చేరాడు.

ఇది నాణేనికి ఒక వైపే

దీన్ని మోటివేషన్ కథగా ఇక్కడితో ఆపేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. బ్రిటన్‌కి చెందిన సంగీత పరిశోధకుడు జెఫ్రీ బేకర్ 2014లో ఈ వ్యవస్థ మీద ఓ పుస్తకం రాశారు. అంతా కండక్టర్ చెప్పినట్టే నడుస్తుందనీ, పిల్లల సొంత ఆలోచనకి చోటు తక్కువనీ గట్టిగా విమర్శించారు. డబ్బు కోసం ప్రభుత్వం మీద ఆధారపడటంతో రాజకీయాల నీడా పడింది. 2017 నిరసనల్లో ఈ వ్యవస్థలో ఎదిగిన 18 ఏళ్ల వయోలా కళాకారుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాతే దూదమెల్ ప్రభుత్వాన్ని బహిరంగంగా ప్రశ్నించాడు.

ఇంకో నిజం కూడా ఉంది. ప్రపంచంలో అత్యధిక చమురు నిల్వలున్న దేశంగా పేరున్న వెనెజువెలా ఆర్థికంగా కుప్పకూలింది. 70 లక్షల మందికి పైగా దేశం వదిలి వెళ్లారు. వాళ్లలో ఎల్ సిస్తేమాలో పెరిగిన కళాకారులూ ఉన్నారు. కారకస్ దగ్గర మైకెతియా విమానాశ్రయంలో కార్లోస్ క్రూస్-దియెస్ అనే కళాకారుడు రంగుల గీతలతో తీర్చిదిద్దిన నేల ఉంది. దేశం వదిలేముందు ఆ నేల మీద తమ పాదాలను ఫొటో తీసుకోవడం చాలామందికి అలవాటైంది.

అందుకే ‘స్కిల్ ఉంటే ఉద్యోగం గ్యారంటీ’ అనే నినాదాన్ని నేను నమ్మను. అంత సాధన చేసినవాళ్లని కూడా దేశ పరిస్థితి రోడ్డున పడేసింది. హైరింగ్ మందగించిన ఏడాది ఆఫర్ రాకపోతే దాన్ని మీ అసమర్థత ఖాతాలో రాసుకోకండి. మరి నేర్చుకోవడం ఎందుకంటారా? దేశం దాటినప్పుడు వాళ్ల వెంట వెళ్లింది ఆ విద్యే. కొత్త ఊళ్లో ఎవరూ తెలియకపోయినా, పదిమంది పక్కన కూర్చుని కలిసి వాయించడం వాళ్లకి ముందే వచ్చు.

మరి మీరేం చేయాలి?

నలుగురు కలవండి. అందరిదీ ఒకే లెవెల్ కానక్కర్లేదు, అసలు కాకపోతేనే మంచిది. చిన్న పని ఒకటి ఎంచుకోండి: మీ హాస్టల్ మెస్ లెక్కలు చూసే యాప్ అయినా సరే. వారానికోసారి పదిమంది ముందు పెట్టి చూపించండి, సగమే పనిచేసినా సరే. మీకు లూప్స్ వచ్చిన రోజే జూనియర్‌కి లూప్స్ చెప్పండి. వాడు అడిగే ప్రశ్నతోనే మీకేం రాలేదో బయటపడుతుంది. బేకర్ విమర్శనీ గుర్తుపెట్టుకోండి: లీడర్ ఎప్పుడూ ఒక్కరే కాకూడదు, వారానికొకరు మారాలి. లేకపోతే ఒకడు కోడ్ రాస్తాడు, ముగ్గురు పేర్లు రాయించుకుంటారు.

‘టీమ్‌లో పనిచేశారా, గొడవొస్తే ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. ఏ కోర్సు సర్టిఫికెట్టూ ఆ జవాబు చెప్పదు. నెల రోజులు నలుగురితో కలిసి పనిచేస్తే బట్టీ పట్టకుండానే చెప్పగలరు.

అప్లై చేయడం కూడా ఇంతే. జాబ్ నోటిఫికేషన్‌లో అడిగిన పదింటిలో ఆరు వస్తే పంపేయండి. మిగతా నాలుగూ చేరాక నేర్చుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర. దోరగా ఉన్నప్పుడే బుట్టలోకి చేరండి, మిగతాది అక్కడ పండుతుంది.