చచ్చిన పశువును విచారించు విద్య

గత వేసవిలో మా యింట నొక ముర్రా గేదె చనిపోయినది. రెండవ యీతది. పూటకు ఆరేసి లీటర్ల పాలు సంఘమునకు పోయుచుంటిమి. కొనినపుడు లక్ష రూపాయలకు పైబడి పెట్టితిమి గనుక, ఆ నష్టమెట్టిదో పాడి నమ్ముకొని జీవించు సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. తొలుత మేత తగ్గినది, నెమరు నిలిచినది, పల్లమునకు దిగునపుడెల్ల మూలుగుచుండెడిది. అజీర్ణమనుకొని వామును, అల్లమును, ఉప్పును దంచి త్రాగించితిమి. పది దినములకు రొమ్మునను, దవడ క్రిందను నీరు పట్టి వాచినది. కార్జపు జలగ యని యొకరు చెప్పగా ఆ మందును పోసితిమి. మెడనరము త్రాడువలె నుబ్బిన తరువాత గాని పశువైద్యునికి కబురు పంపలేదు. ఆయన వచ్చి చూచి, చేయి దాటినదని చెప్పి, తాము చేయగలిగినది చేసిరి. మూడవనాడు తెల్లవారుజామున గేదె పోయినది.

ఇరుగుపొరుగువారు దిష్టి యనిరి. గిట్టనివారు మందు పెట్టియుందురని మఱికొందరనిరి. కళేబరమును కోసి చూచిన కారణము తెలియునని వైద్యులు చెప్పినపుడు మా యింట నెవ్వరును సమ్మతింపలేదు. “కోసినంత మాత్రమున లేచి వచ్చునా?” యని మా యమ్మ కన్నీరు పెట్టుకొన్నది. నేను పట్టుబట్టి కోయించితిని. గుండెను చుట్టియున్న సంచి దుర్గంధమైన చీముతో నిండియుండెను. దానిలోనికి మూడంగుళముల ఇనుపతీగ యొకటి గ్రుచ్చుకొని యుండెను. అది మా చేని దడికి కట్టిన తీగయే. చొప్ప మోపులలో కలిసి, చొప్ప నరకు యంత్రములో ముక్కలై, గాటిలో పడినది. ఆ సాయంకాలము మిగిలిన చొప్పను చెరిగి చూడగా అట్టి ముక్కలు మఱి రెండు దొరకినవి. ఆ గాటిలోనే మా పశువులు మఱి మూడు మేయుచుండెను.

ఈ సంగతి నింత విస్తరించి వ్రాయుటకు హేతువు గలదు. ఆవులును గేదెలును మేతను సరిగా నమలకయే మ్రింగును. బరువైన ఇనుప ముక్క తేనెపట్టు వంటి గదులు గల రెండవ కడుపులో చేరును. ఆ కడుపునకు ముందు వైపున పలుచని కండర పొర మాత్రమే యుండును, దానికావలనే గుండె. కడుపు ముడుచుకొనినపుడెల్ల తీగ ముందునకు జరుగును. పల్లమునకు దిగునపుడు గేదె మూలుగుటకును, రొమ్ము వాచుటకును కారణమిదియే. ఏ అవయవమునకు ప్రక్క నే అవయవము గలదో తెలుపునది శరీర నిర్మాణ శాస్త్రము. కళాశాలలో దానిని అనాటమీ యందురు. రోగమువలన ఆ అవయవమెట్లు మారునో తెలుపునది వ్యాధి విజ్ఞానము. దానిని పెథాలజీ యందురు. ఈ రెండును నేర్చిన చేయి కోసి చూచినది గనుకనే మా తక్కిన మూడు పశువులు నేడు పాలిచ్చుచున్నవి. ఇప్పుడు చొప్ప నరకు యంత్రము నోటియొద్ద నొక అయస్కాంతమును బిగించితిమి. దాని వెల గేదె వెలలో నూరవవంతైనను లేదు.

మన జిల్లాలలో కోళ్ల రైతులు ఈ విషయమున మనకంటె చాల ముందున్నారు. కొట్టములో నాలుగు కోళ్లు చచ్చినచో వారు వానిని సంచిలో వేసికొని ప్రయోగశాలకు పరుగెత్తుదురు. కోసి చూపించుకొననిదే మందు వేయరు. కోడి వెల వందలలో, గేదె వెల లక్షలో ఉండగా, కోడికి విచారణ జరుగుటయు, గేదెను మారుమాట లేక గుంటలో వేయుటయు వింతగా లేదా? గొఱ్ఱెల కాపరులును ఒక విధముగా ఈ విద్య నెఱిగినవారే. తొలకరి పచ్చిక తెగమేసిన బలమైన పిల్ల తెల్లవారుసరికి చచ్చిపడియున్న యెడల వారు కోసి, మూత్రపిండము మెత్తబడి జావవలె నుండుట చూచి, చిటుక రోగమని చెప్పగలరు. మరుసటి యేడు వానలకు ముందే టీకా వేయించుకొందురు.

అయితే ఒక హెచ్చరిక నిచ్చటనే చెప్పవలసియున్నది. అన్ని కళేబరములను కోయరాదు. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోరు, ఆసనము మొదలగు రంధ్రములనుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుచున్న యెడల దొమ్మరోగమని శంకింపవలెను. దానిని కత్తితో తాకరాదు, చర్మమొలువరాదు. శరీరములోని సూక్ష్మజీవి గాలి తగిలినంతనే గట్టి కవచము గల బీజముగా మారి, ఆ నేలలో దశాబ్దముల కొలది నిలిచియుండును, మనుష్యులకును అంటును. ఇట్టిచోట వ్యాధి విజ్ఞాని చేయు పని, చెవినరమునుండి ఒక్క చుక్క రక్తమును గాజుపలకపై తీసి సూక్ష్మదర్శినిలో చూచుట మాత్రమే. కళేబరమును ఆరడుగుల లోతున సున్నము వేసి పూడ్చవలెను. ఎప్పుడు కోయవలెనో తెలియుట యెంత విద్యయో, ఎప్పుడు కోయరాదో తెలియుటయు నంత విద్య.

ఈ శాస్త్రము పశువుల చావునుండియే పుట్టినది. యూరపు ఖండమున ముసర వ్యాధి మందలకు మందలను మ్రింగుచుండగా, ఫ్రాన్సు దేశమున లియోన్ నగరమందు క్లాడ్ బూర్జెలా యనునాయన 1762లో మొదటి పశువైద్య పాఠశాలను తెఱచెను. మన దేశమున అట్టి పరిశోధనకై 1889లో పూనాలో నొక ప్రయోగశాల నెలకొల్పి, 1893లో హిమాలయ ప్రాంతములోని ముక్తేశ్వరమునకు మార్చిరి. అదియే నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలము. 2006లో మన దేశమునకు ముసర వ్యాధి లేదని అంతర్జాతీయ ధ్రువీకరణ లభించినది. 2011లో అది లోకమునుండియే తొలగినట్లు ప్రకటింపబడినది. మన తాతలు పెద్దరోగమని పేరెత్తుటకే భయపడిన వ్యాధి నేటి పిల్లలకు పేరైనను తెలియదు.

రాబందుల కథ మనకు మఱింత దగ్గరది. వెనుక పశువు చచ్చిన ఊరి బయట వేసినచో రాబందులు వ్రాలి కొద్ది గంటలలో ఎముకలు మిగిల్చెడివి. 1990 తరువాత అవి వేగముగా నశించినవి. ఏదో అంటువ్యాధి యని పలువురు తలచిరి. పాకిస్తాన్ పంజాబులో చచ్చిన రాబందులను పట్టుదలతో కోసి చూడగా, లోపలి అవయవములపై సున్నము పూసినట్లు తెల్లని పదార్థము పేరుకొని, మూత్రపిండములు చెడియుండెను. ఆ మూత్రపిండములలో డైక్లోఫెనాక్ అను నొప్పిమందు బయటపడినది. పశువులకు మనము వేయించిన సూదిమందే కళేబరమునుండి పక్షికి చేరినదన్నమాట. ఈ సంగతి 2004లో లోకమునకు తెలిసెను. 2006లో పశువులకా మందు వాడకమును మన ప్రభుత్వము నిషేధించినది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ అను మందులను గూడ నిషేధించినది. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని తేలియున్నది. మందులంగడివాడు పాతదే యియ్యబోయినచో సభ్యులు పుచ్చుకొనరాదు.

ఇంత ఉపయోగము గల విద్యకు మన పిల్లలెందుకు పోరు? పశువైద్య కళాశాలలో చేరిన విద్యార్థి నడిగి చూడుడు. ఆసుపత్రిలో డాక్టరగుదుననును, శస్త్రవైద్యము చేయుదుననును, పట్టణములో కుక్కల వైద్యశాల పెట్టుదుననును. అనాటమీ చదివెదను, పెథాలజీ చదివెదను అనువారు బహు తక్కువ. కళేబరపు వాసన, ఫార్మలిన్ ఘాటు, రోగమంటునను భయము, వీనిని నేను తేలికగా కొట్టివేయను. పని చేయునపుడు చేతొడుగులు, ముఖమునకు కప్పు లేకుండ దిగరాదు. పిచ్చికుక్క వ్యాధికి టీకా ముందుగానే వేయించుకొనవలెను. కాని అసలు కారణము వేరని నా యభిప్రాయము. చచ్చిన పశువును తాకు పనిని తరతరములుగా మాదిగవారిపై మోపి, ఆ పని చేసినందుకే వారిని దూరముంచితిమి. పశువు లోపలి నిర్మాణము గ్రామములో నెవరికైన తెలిసినచో అది చర్మమొలిచిన వారికే తెలియును. ఏ పశువు కార్జము చెడినదో, ఏ పశువు ఊపిరితిత్తులలో గడ్డలున్నవో వారు కన్నులార చూచిరి. వారి నడిగి వ్రాసికొన్న వారు లేరు. ఆ చిన్నచూపే నేడు కోటు తొడిగికొని కళాశాలలోనికి వచ్చి, ఈ శాస్త్రమును వెనుక బల్లపై కూర్చుండబెట్టినది.

జీవనాధారము మాటయో యని తండ్రులడుగుదురు. జీవశాస్త్రముతో ఇంటర్మీడియట్ చదివినవారు పశువైద్య పట్టమునకు పోవచ్చును. ఒక సంవత్సరము ఆసుపత్రి శిక్షణతో కలిపి అది ఐదున్నర సంవత్సరముల చదువు. 1946లో ఏర్పడిన రాజేంద్రనగరు కళాశాలయు, 1955లో బాపట్లలో ఆరంభమై పిదప తిరుపతికి మారిన కళాశాలయు మనకు పాతవి. గన్నవరము, ప్రొద్దుటూరు, కోరుట్ల మొదలగు చోట్ల తరువాత వచ్చినవి. రైతు కుటుంబముల పిల్లలకు ప్రత్యేకించిన స్థానములు గలవు. పట్టము పిమ్మట రెండేండ్లు చదివినచో ఈ శాస్త్రములలో ప్రత్యేక పట్టము వచ్చును, ఆపైన పరిశోధన.

దాచకుండ చెప్పవలెనన్న, శరీర నిర్మాణ శాస్త్రము చదివినవారికి ఉపాధ్యాయ వృత్తియే ముఖ్యాధారము. ప్రతి పశువైద్య కళాశాలలోను ఆ శాఖ యుండి తీరవలెను గనుక పని లేకపోదు గాని, ఖాళీలు వచ్చుదాక నిరీక్షింపవలసి యుండును. వ్యాధి విజ్ఞానికి దారులు విశాలము. జిల్లాలలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలు, ఇజ్జత్‌నగరులోని పరిశోధన సంస్థ, టీకాలు తయారు చేయు సంస్థలు, కోళ్ల పరిశ్రమ, జంతు ప్రదర్శనశాలలు వీరిని కోరుచున్నవి. హైదరాబాదు పరిసరములలో కొత్త మందులను పరీక్షించు ప్రయోగశాలలు పెక్కు గలవు. మనుష్యులకిచ్చుటకు ముందు మందును జంతువులపై పరీక్షించి, కార్జము, మూత్రపిండముల తునుకలను మైనములో పోతపోసి, మిల్లీమీటరులో వేయవ వంతులు నాలుగైదు మందమున పొరలుగా కోసి, రంగువేసి, హాని కలిగినదో లేదో చెప్పువాడు వ్యాధి విజ్ఞానియే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లు గుట్టలుగా చచ్చినపుడు బర్డ్‌ఫ్లూ యని తేల్చినది భోపాలులోని ప్రయోగశాల. ఆ మాట వచ్చుదాక ఊపిరి బిగబట్టి యున్న రైతులకీ పని విలువ చెప్పనక్కరలేదు.

“అంత చదివినవాడు మన యూరు వచ్చునా?” యని సంఘములో నొక పెద్దమనిషి నన్నడిగెను. రాకపోవచ్చును. అతడు జిల్లా కేంద్రములో కూర్చుండిన చాలును. మన సీసా అతనియొద్దకు పోగలిగిన చాలును. ఆ సీసా పంపుట మన పని. పశువు చచ్చిన వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఎండకాలమున కొద్ది గంటలలో లోపలి భాగములు కుళ్లును. ఆపైన చూచినను ఏమియు తేలదు. వైద్యుడు కోసియిచ్చిన తునుక అర సెంటీమీటరు మందమునకు మించక, దానికి పదింతల ఫార్మలిన్ ద్రవములో నుండవలెను. సూక్ష్మజీవుల పరీక్షకు ఫార్మలిన్ లేకుండ మంచులో పంపవలెను. బీమా చేసిన పశువైనచో చెవిపోగును పోగొట్టక, వైద్యుని ధ్రువపత్రమును అప్పుడే తీసికొనవలెను.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున నేను రెండు తీర్మానములు పెట్టదలచితిని. సంఘపు ఖర్చుతో పాలకేంద్రమున మూతగట్టి సీసాలు, ఫార్మలిన్, మంచుపెట్టె యొకటి ఉంచి, తునుకలను జిల్లా ప్రయోగశాలకు చేర్చు బాధ్యత కార్యదర్శిగారికి అప్పగింపవలెనని మొదటిది. మన సభ్యుల బిడ్డలలో పశువైద్య పట్టము ముగించి, వ్యాధి విజ్ఞానమునో, శరీర నిర్మాణ శాస్త్రమునో ప్రత్యేకముగా చదువ నిశ్చయించినవారికి రెండేండ్లు విద్యానిధినుండి వేతనమీయవలెనని రెండవది. బాలికలకును ఇది వర్తించును. చర్మవృత్తి కుటుంబముల బిడ్డలు ముందుకు వచ్చినచో వారికే మొదటి యవకాశమీయవలెనని నా కోరిక. దీనికి వ్యతిరేకముగా మాటలాడదలచిన సభ్యులు తమ పేర్లను ముందుగా వ్రాయించిన యెడల వారికి కావలసినంత సమయ మిచ్చునట్లు అధ్యక్షులను కోరెదను. గేదె గుండెలో దొరకిన తీగను ఆనాడు సభకు తెచ్చెదను.