బిల్లు ఎవరు కట్టాలి?

బుక్కపట్నానికి పక్కనే పుట్టపర్తి. సత్యసాయిబాబా చిన్నతనంలో పుట్టపర్తి నుంచి బుక్కపట్నం బడికి నడిచి వచ్చి చదువుకున్నారు. ఆయన ఆధ్వర్యంలో పుట్టపర్తి శివారు ప్రశాంతి గ్రామంలో వెలసిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. ఆ ఆసుపత్రిలో బిల్లు కట్టే కౌంటరు లేదు. గుండె ఆపరేషన్ చేసినా, కంటికి శుక్లం తీసినా పైసా అడగరు.

అంతటి ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉన్నవాళ్లకు ఆరోగ్య బీమాతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఎంత పెద్ద ధర్మాసుపత్రి అయినా అన్ని జబ్బులూ చూడలేదు. ఉన్న మంచాలకు దేశం నలుమూలల నుంచీ రోగులు వస్తారు. వరుసలో నిలబడాలి, తేదీ ఇచ్చేదాకా ఆగాలి. ఇవ్వకపోతే దాతను నిలదీసే హక్కు ఎవరికీ లేదు. రాత్రి పదింటికి బైకు మీది నుంచి పడి తల పగిలిన కుర్రాడికి తేదీ తీసుకునే వ్యవధి ఎక్కడిది? బాబా 2011లో వెళ్లిపోయినా ఆసుపత్రి సేవ సాగుతూనే ఉంది. దాని గొప్పతనం దానిదే. కానీ ప్రభుత్వం చేయాల్సిన పనిని దానధర్మానికి వదిలేయడం కుదరదు.

బుక్కపట్నం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం... ఈ వైపు ఊళ్లలో ఆదాయం వాన మీదా, మగ్గం మీదా ఆధారపడింది. వేరుసెనగ పండిన ఏడు అప్పు కొంత తీరుతుంది, ఎండిన ఏడు పెరుగుతుంది. ఆ మధ్యలో ఇంటి పెద్దకు గుండెపోటు వస్తే మొదట గొర్రెలు పోతాయి, తర్వాత ఇల్లాలి మెడలో బంగారం కుదువకు వెళుతుంది, చివరికి పొలం పాసుపుస్తకం బయటికొస్తుంది. ఈ వరుస పల్లెల్లో అందరికీ తెలిసిందే.

ఒకప్పుడు దీనికి ఉన్న ఒకే ఒక్క దారి ముఖ్యమంత్రి సహాయనిధి. ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం రాయించుకోవాలి, హైదరాబాదు వెళ్లాలి, సచివాలయం చుట్టూ తిరగాలి. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఆ నిధి నుంచి 55,361 మందికి ఆసుపత్రి ఖర్చుల కింద రూ.168.52 కోట్లు ఇచ్చారు. ఆ దారి తెలిసినవారి సంఖ్యే అది. తెలియక ఇంట్లోనే ఉండిపోయినవారి లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడేదాకా బుక్కపట్నం అనంతపురం జిల్లాలోనిదే. కాబట్టి తెల్ల రేషన్‌కార్డు చూపించి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న మొట్టమొదటి జనంలో ఈ ప్రాంతం వారూ ఉన్నారు. ఇంకో విశేషం కూడా ఉంది. ఇప్పుడు అమరావతిలో నలుగుతున్న ప్రశ్నకు జవాబును ఈ జిల్లా ఎప్పుడో అనుభవంలో చూసింది.

మొదట్లో ఆరోగ్యశ్రీని నడిపింది స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా కంపెనీ. కుటుంబానికి ఇంత అని ప్రభుత్వం ప్రీమియం కడితే, కంపెనీ ఆసుపత్రుల బిల్లులు చెల్లించేది. ఒప్పందంలో ఒక షరతు ఉంది. వంద రూపాయల ప్రీమియంలో ఇరవై రూపాయలు కంపెనీ నిర్వహణ ఖర్చు. మిగిలిన ఎనభైలో వైద్యానికి పోగా ఏమైనా మిగిలితే అందులో తొమ్మిది వంతులు ప్రభుత్వానికి తిరిగివ్వాలి. షరతు మంచిదే. కానీ ఆ ఇరవై రూపాయల మాటేమిటి? 2008 జులై 17న రెండో దశ మొదలుపెట్టినప్పుడు కొత్తగా చేర్చిన జబ్బులకు కంపెనీని పెట్టుకోలేదు. ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా బిల్లులు కట్టింది. కొన్నాళ్లు ఒకే ఆసుపత్రిలో కొన్ని జబ్బులకు కంపెనీ, కొన్నింటికి ట్రస్టు చెల్లించాయి. తర్వాతి ఏళ్లలో కంపెనీ వాటా కూడా ట్రస్టు చేతికే వచ్చింది.

రోగికి ఈ మార్పు తెలియనే లేదు. అదే కార్డు, ఆసుపత్రి గుమ్మంలో అదే ఆరోగ్యమిత్ర, అదే ముందస్తు అనుమతి. ప్రభుత్వమే బీమా నడపలేదనేవారు కాస్త ఆగి ఆలోచించాల్సిన సంగతి ఇది. నడిపింది. ఒకటి రెండేళ్లు కాదు, ప్రభుత్వాలు మారినా, రాష్ట్రం రెండైనా నడిపింది. పేరు మాత్రం ఎన్నికలతో పాటు మారింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు తిరిగొచ్చింది. పేర్ల మీద పెట్టిన శ్రద్ధలో సగం చెల్లింపుల మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు! పరిమితి మాత్రం పెరుగుతూ వచ్చింది. రెండు లక్షలతో మొదలైనది 2023 డిసెంబరులో పాతిక లక్షలకు చేరింది. 2019 నవంబరులో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆసుపత్రులనూ చేర్చారు. జబ్బు చేస్తే బెంగళూరు బస్సెక్కే హిందూపురం వారికి దాని విలువ తెలుసు.

మరి ఇంత బాగా ఉంటే గొడవ ఎక్కడొచ్చింది? బకాయిల దగ్గర. ఆసుపత్రి ఆపరేషన్ చేస్తుంది, బిల్లు పెడుతుంది, డబ్బు నెలల తరబడి రాదు. 2025 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం బకాయిలు చెల్లించాలంటూ వైద్యసేవ కింద చికిత్సలు ఆపేసింది. ప్రభుత్వం ఏదైనా ఇది కొత్త కాదు. ఆసుపత్రులు గడువు పెట్టడం, ప్రభుత్వం కొంత విదల్చడం, మళ్లీ కొన్నాళ్లకు మొదటికి రావడం. మధ్యలో నలిగిపోయేది స్ట్రెచర్ మీద ఉన్న మనిషి.

దీనికి మందుగా 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. 1.63 కోట్ల కుటుంబాలకు ఆరోగ్య బీమా. రెండున్నర లక్షల దాకా ఖర్చు బీమా కంపెనీది. పేద కుటుంబాలకు ఆపైన పాతిక లక్షల దాకా ట్రస్టుది. పేదా గొప్పా తేడా లేకుండా అందరినీ చేర్చాలనుకోవడం మెచ్చుకోవాల్సిందే. నెల జీతగాడికైనా క్యాన్సర్ వస్తే రెండేళ్లలో ఇల్లు గుల్లవుతుంది. అయితే అందరినీ చేర్చడానికి మధ్యలో కంపెనీ ఎందుకన్నదే ప్రశ్న.

కంపెనీ అయితే ఆసుపత్రులకు సకాలంలో డబ్బు కడుతుందంటారు. నిజమే కావచ్చు. కానీ ఎలా కడుతుంది? ప్రభుత్వం ముందుగా ప్రీమియం కడితేనే. ఆ డబ్బునే ముందుగా ట్రస్టు ఖాతాలో వేస్తే ట్రస్టూ సకాలంలోనే కడుతుంది. ప్రభుత్వం ప్రీమియం ఎగ్గొడితే కంపెనీ ఒక్కరోజు కూడా ఆగదు. జబ్బు ఖజానా అలవాటులో ఉంటే మందు మరొకరి చేత మింగించడమేమిటి?

ఇంకో చిక్కు ఉంది. ఆసుపత్రికి వచ్చే కేసుల్లో అత్యధిక భాగం రెండున్నర లక్షల లోపువే. లెక్క తెలిసిన, అంచనాకు అందే చికిత్సలు కంపెనీకి వెళతాయి. అవయవ మార్పిడి లాంటి గుండె గుభేల్మనే ఖర్చులు ప్రభుత్వానికి మిగులుతాయి. మధ్యలో గీత దాటేవారి సంగతి మరీ కష్టం. రెండు లక్షల ఆపరేషన్‌కని చేరిన రోగికి ఇన్‌ఫెక్షన్ సోకి బిల్లు మూడు లక్షలు దాటిందనుకోండి. ఏ ముక్క ఎవరు కట్టాలి? ఇద్దరు యజమానులున్న ఎద్దుకు మేత వేసేవారుండరని రైతులకు వేరే చెప్పనక్కర్లేదు.

పొరుగు రాష్ట్రాలు చెరో దారి పట్టాయి. తమిళనాడు 2009లో ప్రైవేటు కంపెనీతో మొదలుపెట్టి, 2012లో పథకాన్ని ప్రభుత్వరంగంలోని యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కు అప్పగించింది. కర్ణాటక 2010లో ఆరోగ్యశ్రీని చూసే ‘వాజపేయి ఆరోగ్యశ్రీ’ పెట్టి, సువర్ణ ఆరోగ్య సురక్షా ట్రస్టు ద్వారా ప్రభుత్వమే నడిపింది. దాని మీద పరిశోధకులు చేసిన అధ్యయనం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పథకం ఉన్న పల్లెల్లోని పేదల్లో, పథకం కిందికి వచ్చే జబ్బులతో సంభవించే మరణాలు, పథకం లేని పక్క పల్లెల కంటే 64 శాతం తక్కువ! పథకం బతికించిందనడానికి ఇంతకంటే ఏం కావాలి? అమెరికాలో 2009లో ప్రైవేటు కంపెనీలకు పోటీగా ప్రభుత్వ బీమా కూడా ఉండాలని పెద్ద చర్చ జరిగింది. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్‌లో ఓట్లు చాలక అది కొట్టుకుపోయింది. అక్కడున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు పర్యాటక బీమా కాగితాలు వెంట పెట్టుకుని, పంటి నొప్పి వస్తే కూడా ఇండియా వెళ్లాక చూపించుకుందామని ఎందుకు ఓర్చుకుంటారో చాలా తెలుగిళ్లలో తెలుసు.

ట్రస్టు పద్ధతిలో తప్పుల్లేవని కాదు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు ఏడున్నర లక్షల మంది పేర్లకు ఒకే సెల్ నంబరు, అదీ పది తొమ్మిదులు, తగిలించి ఉందని 2023లో కాగ్ బయటపెట్టింది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న విమర్శలు గట్టిగానే వచ్చాయి. అప్పుడు ఆ ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. గమనించాల్సింది ఇదే. కాగ్ తనిఖీ చేయగలిగింది, పత్రికలు రాయగలిగాయి, ప్రభుత్వం దిద్దుకోక తప్పలేదు. కంపెనీ ఒక క్లెయిమును తిరస్కరిస్తే బుక్కపట్నం రైతు ఏ గుమ్మం తొక్కాలి? ఎమ్మెల్యేను అడిగితే ‘అది కంపెనీ వ్యవహారం’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

బీమా అనగానే ఆపరేషన్లే గుర్తుకురావడం మరో లోపం. షుగరు, బీపీ మాత్రలకు నెలనెలా పోయే డబ్బు ఎవరి లెక్కలోకీ రాదు. 2005లో కేంద్రం చేనేత కార్మికులకు ఐసీఐసీఐ లాంబార్డ్ ద్వారా ఒక బీమా ఇచ్చింది. కుటుంబానికి ఏడాదికి 15 వేలే, కానీ అందులో బయటి రోగిగా చూపించుకునే ఖర్చూ ఉండేది. గుంత మగ్గంలో కాళ్లు పెట్టి రోజంతా కూర్చునే ధర్మవరం నేతగాడికి నడుంనొప్పి, చూపు మందగించడం పెద్ద జబ్బులు. అవి ఏ ఆపరేషన్ల జాబితాలోనూ దొరకవు. ఆ పథకం ఇప్పుడు లేదు. అందులోని మంచి మాత్రం తిరిగి తెచ్చుకోదగ్గదే.

శాసనసభ్యులు చేయాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ట్రస్టు ఏ చట్టం వల్లా పుట్టింది కాదు, ఉత్తర్వులతో నడుస్తోంది. దానికి చట్టం కావాలి. రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది, అమలులో తిప్పలు పడుతోంది, అది వేరే సంగతి. కనీసం సభ చేయగలదని తేలింది. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ ముందుగానే ట్రస్టు ఖాతాలో ఉండాలని, ఆ డబ్బు వేరే పనికి మళ్లించకూడదని చట్టంలో రాయాలి. ఏ ఆసుపత్రికి ఎంత బకాయి ఉందో సమావేశం జరిగిన ప్రతిసారీ సభ ముందు పెట్టాలి. చికిత్సకు అనుమతి నిరాకరిస్తే జిల్లాలోనే వారంలో తేల్చే అధికారి ఉండాలి. కంపెనీ కావాలనుకునేవారికి కంపెనీ ఉండనివ్వండి, తప్పులేదు. ప్రభుత్వ బీమాను మాత్రం దానికి అప్పజెప్పకూడదు.

శ్రీసత్యసాయి జిల్లాలో ఆరు నియోజకవర్గాలు ఉన్నాయి. సహాయనిధి చెక్కులు పంచే ఫొటోలు ఆరు చోట్లా పత్రికల్లో వస్తూనే ఉంటాయి. బీమా సరిగ్గా పనిచేస్తే ఆ చెక్కుల అవసరం ఎందుకొస్తుందో ఆ ఫొటోలో ఉన్నవారే ఒకసారి ఆలోచించాలి. వైద్య ఆరోగ్యశాఖ పద్దు సభలో చర్చకు వచ్చిన రోజున ఈ జిల్లా నుంచి ఒక్కరు లేచి, బకాయి ఎంత, ఎప్పటికి తీరుస్తారు అని అడిగినా చాలు. జవాబు చెప్పాల్సిన మనిషి దూరంలో లేరు. 2024 ఎన్నికల తర్వాత ఆరోగ్యశాఖ చేపట్టిన సత్యకుమార్ యాదవ్ ధర్మవరం ఎమ్మెల్యేనే.