పదిమంది కూడితే మన టెక్కలిలోనే లయోలా!

క్యాంపస్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు ఒక విషయం గమనించారా? కోడింగ్ మీకూ వచ్చు, పక్కన కూర్చున్న విజయవాడ కుర్రాడికీ వచ్చు. గ్రూప్ డిస్కషన్ మొదలవగానే అతను మాట్లాడతాడు, మీరు వింటారు. ‘వాళ్లది కాన్వెంట్ చదువు, లయోలాలో ఇంటర్.. మనకెక్కడిది’ అనుకుని ఇంటికొచ్చేస్తారు. ఆ మాట దగ్గరే మీతో నాకు పేచీ.

విశాఖలో సెయింట్ అలోషియస్ స్కూలు 1847 నాటిది. విజయవాడలో ఆంధ్రా లయోలా కాలేజీని 1953లో జెస్యూట్ ఫాదర్లు స్థాపించారు. ఇలాంటి క్యాథలిక్ సంస్థల బలమంతా ఇంగ్లిష్ మీడియం, పెద్ద క్యాంపస్ అనుకుంటాం. జెస్యూట్ల వరకు చూస్తే అసలు సంగతి బోధన పద్ధతిలో ఉంది. దాన్ని 1599లోనే ‘రేషియో స్టుడియోరమ్’ పేరుతో రాసిపెట్టుకున్నారు. క్లాసును పదేసి మందిగా విడగొట్టి, విద్యార్థుల్లోనే ఒకరిని లీడర్‌గా పెట్టేవారు. మిగతావాళ్లు అతనికి పాఠం అప్పజెప్పాలి. శనివారం వారం పాఠాల పునశ్చరణ. వాదప్రతివాదాలు, నాటకాలు కూడా చదువులో భాగమే. అంటే విన్నది తిరిగి నోటితో చెప్పగలిగితేనే చదివినట్టు.

మరి మనలో చాలామంది ఇంటర్ ఎలా సాగింది? స్టడీ అవర్, వీక్లీ టెస్ట్, ర్యాంకు. రెండేళ్లూ ఆప్షన్లు గుర్తించడమే, నోరు తెరిచే పనే పడలేదు. ఇంటర్వ్యూలో మాత్రం ఎవరూ ఆప్షన్లు ఇవ్వరు.

ఆ లోటు పూడ్చుకోవడానికి ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంకో కోర్సు అంటున్నారు. ఒక్కసారి ఇంట్లో లెక్క చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అలాంటి ఇంటి నుంచి మళ్లీ ఫీజు అడిగి కమ్యూనికేషన్ స్కిల్స్ కొనాలా?

అక్కర్లేదు. పదిమంది జట్టు కట్టండి. రోజుకొకరు లేచి నిలబడి ఒక టాపిక్ పది నిమిషాలు చెప్పాలి. డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్ కావచ్చు, సొంత ప్రాజెక్టు కావచ్చు. మిగతావాళ్లు ప్రశ్నలేయాలి. ముందు తెలుగులో చెప్పండి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో చెప్పండి. తప్పులు రాసిపెట్టే పని వంతులవారీగా చేయండి. శనివారం వారమంతటిదీ తిరగేయండి. సాఫ్ట్‌వేర్ టీముల్లో స్టాండప్ మీటింగ్, కోడ్ రివ్యూ అంటే దాదాపు ఇదే పని.

‘లయోలా పేరు, పూర్వవిద్యార్థుల పరిచయాలు మనకు రావు కదా’ అంటారు. నిజమే, రావు. ఆ పేరు రెజ్యూమెను టేబుల్ దాకా చేర్చొచ్చు. టేబుల్ ముందు కూర్చున్నాక మాట్లాడాల్సింది మాత్రం మనిషే. ఇంకో మాట. 1548లో ఇటలీలోని మెస్సీనాలో జెస్యూట్లు స్కూలు తెరిచినప్పుడు ఫీజు తీసుకోలేదు. కాబట్టి ఈ పద్ధతికి డబ్బే మూలం అనుకోకండి.

ఈ శనివారమే మొదలుపెట్టండి. కాలేజీలో ఖాళీ గది అడగండి, దొరక్కపోతే ఎవరి మేడ మీదైనా సరే. మొదటి వంతు మాత్రం మీలో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్లకే ఇవ్వండి.