కప్పు ధర పెరిగింది, పొడి తూకం తగ్గరాదు

(వాణిజ్య విలేఖరి)

హైదరాబాద్: గింజల ధర ఎక్కినప్పుడల్లా డికాషన్ పలచబడటం, పొడిలో చికోరీ పాలు హెచ్చటం కాఫీ వ్యాపారంలో పాత ఆనవాయితీయే. 1975 జూలైలో బ్రెజిల్ తోటలను మంచు దెబ్బ తీయగా, 1977లో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా ధర శిఖరానికి చేరింది. ఆ రికార్డు 2024 డిసెంబరులో చెరిగిపోయింది. 2025 ఫిబ్రవరిలో పౌను ధర 4 డాలర్లు దాటింది. లండన్‌లో రొబస్టా 2024లోనే టన్ను 5 వేల డాలర్ల పైకి పోయింది. ఇంత ఆటుపోటు చూసిన వర్తకుడికి సరుకులో పొదుపు చేయాలన్న ఆలోచన రావటం సహజమే. అయితే హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు కాఫీ సరఫరా చేసేవారు ఈ పొదుపు లాభమో నష్టమో లెక్క వేసుకోవలసి ఉంది.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి హైదరాబాద్ ప్రధానంగా ఇరానీ చాయ్ నగరం. ఐటీ కార్యాలయాలు, రాత్రి షిఫ్టులు వచ్చాక ఆ ప్రాంతంలో కాఫీకి కొత్త గిరాకీ ఏర్పడింది. పెద్ద కేఫ్‌లలో కప్పుకు 200 రూపాయలు పైబడి చెల్లించటానికి కూడా ఖాతాదారు వెనుదీయటం లేదు. ఇందులో పొడి వంతు ఎంత? కప్పుకు 10 గ్రాములు వేస్తే కిలోకు 100 కప్పులు వస్తాయి. పొడి కిలో వేయి రూపాయలనుకున్నా కప్పుకు పడేది 10 రూపాయలే. మిగతాదంతా అద్దె, పాలు, జీతాలు, కరెంటు, లాభం. పొడిలో 2 గ్రాములు కోత పెడితే మిగిలేది 2 రూపాయలు. దాని కోసం 200 రూపాయల ఖాతాదారును పోగొట్టుకోవటం ఏ పద్దు ప్రకారమూ గిట్టుబాటు కాదు.

మంచి కాఫీకి మూలం తోటలోనే ఉంది. పండిన కాయను మాత్రమే కోసి, తొక్క తీసి, జిగురు పోయేలా పులియబెట్టి కడిగి ఆరబెట్టిన అరబికాను వర్తకులు ‘ప్లాంటేషన్’ అంటారు. కాయను కాయగానే ఎండబెడితే అది ‘చెర్రీ’. ఆ తరువాత జల్లెడ పట్టి సైజు వారీగా గ్రేడు కడతారు. వేయించేటప్పుడు నూటికి 15 నుంచి 18 కిలోల వరకు తరుగు పోతుంది. ఈ తరుగుకు భయపడి గింజను సగం వేగనిస్తే పులుపు, పచ్చివాసన మిగులుతాయి. మాడ్చివేస్తే నాసి సరుకు దోషం కప్పుబడుతుంది గాని, రుచి చేదు తప్ప మరొకటి ఉండదు. వేయించిన గింజ కొన్ని వారాలు నిలుస్తుంది. పొడి చేశాక వాసన రోజుల్లో దిగజారుతుంది. కనుక నెలల తరబడి నిలవ ఉన్న పొడిని ఎంత ఖరీదైన యంత్రంలో పోసినా ప్రయోజనం లేదు.

చికోరీ కలపటం నేరం కాదు. చిక్కదనం, రంగు కోరి మిశ్రమాన్నే అడిగేవారు దక్షిణాదిన ఎందరో ఉన్నారు. 20, 30 రూపాయలకు కప్పు అమ్మే చిన్న దుకాణదారుకు మిశ్రమం అవసరం కూడా. నిబంధన ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. చికోరీ ఎంత ఉన్నదీ పొట్లం మీద ముద్రించాలి. మిశ్రమాన్ని స్వచ్ఛమైన కాఫీగా అమ్మటమే దగా.

ఒకప్పుడు తోటల సరుకంతా కాఫీ బోర్డు పూల్‌లోకి చేరి, గ్రేడు పడి, వేలానికి వచ్చేది. 1992 నుంచి అంచెలంచెలుగా సడలించి, 1996లో అమ్మకానికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. స్వేచ్ఛతో పాటు సరుకు మంచిచెడుల పూచీ కూడా వర్తకుని భుజాన పడింది. మొదటిదాన్ని అందుకున్నంత ఉత్సాహంగా రెండవదాన్ని అందరూ అందుకున్నారని చెప్పటం కష్టం.

అరకు విషయంలో ఈ పూచీ మరింత బరువైనది. అక్కడి అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2017లో పారిస్‌లో ఆ పేరుతో దుకాణమే వెలిసింది. నీడనిచ్చే చెట్ల కింద, వాటి మీదికి పాకే మిరియాల తీగల నడుమ ఈ పంట పండించేది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చిన్న కమతాల గిరిజన రైతులు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ వారి నుంచి కాఫీ కొనుగోలు చేస్తోంది. ఎక్కడిదో రొబస్టా కలిపి దానికి అరకు పేరు తగిలిస్తే, ఆ రోజుకు లాభం కలిపినవారిది. పేరు చెడ్డాక ధర పడిపోతే నష్టం మాత్రం పాడేరు కొండల మీది రైతుది. కష్టపడి సంపాదించిన ఆ పేరు ఏ ఒక్క వర్తకుని సొత్తూ కాదు.

బేగంబజారులో పప్పు బేరానికి వచ్చిన చిల్లర వర్తకుడు ముందు రకం, ఊరు, కొత్తదా పాతదా అని అడుగుతాడు. కాఫీకి కూడా అదే మర్యాద చెల్లాలి. ప్రతి పొట్లం మీద, ప్రతి బిల్లులో రకం, పండిన చోటు, చికోరీ శాతం, వేయించిన తేదీ ఉండాలి. సరఫరాదారు ఇవి రాసి ఇవ్వాలి. రాసి ఇవ్వనివారి సరుకును కేఫ్ యజమానులు, కార్యాలయాల క్యాంటీన్లు కొనకుండా ఉంటే చాలు, ధర ఎంత పెరిగినా డికాషన్ పలచబడదు.