బల్ల దగ్గర ఎవరిని పరీక్షించాలి?

సంస్కారమిచ్చే ఆదివారం మన సంఘాల్లో కొందరి చూపు ప్రభువు బల్ల మీద ఉండదు, బల్ల దగ్గరికి నడిచి వెళ్లేవాళ్ల మీద ఉంటుంది. ఆయన తాగుతాడట, వాళ్లింట్లో రోజూ గొడవలట, వాళ్లబ్బాయి అన్యుల పిల్లను చేసుకున్నాడట, ఏ ముఖం పెట్టుకుని చెయ్యి చాపుతున్నారో అని గుసగుసలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు ఎవరిని వాళ్లు పరీక్షించుకుని బల్లకు రమ్మన్నాడు. పక్కవాణ్ణి పరీక్షించే పని అక్కడ ఎవరికీ అప్పజెప్పలేదు.

ఆయన అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో చాలామంది గమనించరు. కొరింథులో కలిగినవాళ్లు ఎవరి భోజనం వాళ్లు ముందే కానిచ్చేవారు. ఒకడు మత్తెక్కేదాకా తాగితే మరొకడు ఆకలితో కూర్చునేవాడు. ప్రభువు బల్ల దగ్గరే పేదవాడికి తలవంపులయ్యాయి. పౌలు మండిపడింది దాని మీదే. కాబట్టి బల్ల ముందు మనల్ని మనం అడగవలసిన మొదటి ప్రశ్న, తోటి విశ్వాసిని నేను ఎక్కడ కూర్చోబెట్టాను అన్నది.

ఈ ప్రశ్న మన బందరుకు కొత్త కాదు. 1841లో ఇక్కడికి వచ్చిన మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. అదే నోబుల్ కాలేజీ అయింది. 1865లో కన్నుమూసేదాకా ఆయన జీవితం ఈ ఊరికే అంకితం. ఆయన భక్తిని ఎవరూ శంకించలేరు. అయినా ఆ బడిని పై కులాల పిల్లల కోసమే నడిపాడు. వాళ్లు మారితే సువార్త కింది కులాలకు తనంతట తానే దిగుతుందని ఆయన నమ్మకం. జరిగింది వేరు. 1859లో రాఘవాపురం మాలపల్లె నుంచి పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత కృష్ణా జిల్లాలో సంఘాలు పెరిగింది ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లోనే.

ఇంతకాలం గడిచాక నోబుల్‌ని తప్పుపట్టడం తేలిక. మరి మన సంగతి? పెళ్లి సంబంధం వచ్చేసరికి బాప్తిస్మం వెనక్కి పోయి కులం ముందుకు వస్తుంది. మాలల చర్చి, మాదిగల చర్చి అని ఇప్పటికీ అంటున్నాం. పై కులం నుంచి వచ్చిన విశ్వాసికి ముందు వరుసలో కుర్చీ వేస్తాం. ఇవన్నీ పెట్టుకుని పక్కింటివాడి తాగుడు గురించి తీర్పు చెబుతాం. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ వ్యాపారి పైన ఉన్నది పూతేనని చెప్పే అమ్ముతాడు. మనం మన పూతను మేలిమి అని చెప్పుకుంటున్నాం.

అలాగని తప్పును తప్పనకూడదని కాదు. తాగొచ్చి భార్యను కొట్టేవాణ్ణి ఆపాల్సిందే, సంఘం సొమ్ము తిన్నవాణ్ణి లెక్క అడగాల్సిందే. మత్తయి 7వ అధ్యాయంలో యేసు సోదరుడి కంట్లో నలుసును వదిలెయ్యమనలేదు. ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు తేటగా చూసి అతని నలుసు తీయగలవు అన్నాడు. ఆ వరుస తప్పితే వైద్యం గాయమవుతుంది. తన తప్పు ముందు మోకరించినవాడు ఎదుటివాడి తప్పు దగ్గరికి రాయి పట్టుకుని వెళ్లడు. సాయం చేయడానికి వెళతాడు. అతని మాటే ఎదుటివాడి మనసుకు ఎక్కుతుంది.

ఈసారి సంస్కారానికి లేచే ముందు ఒక్కటి అడుగుదాం. ఈ సంఘంలో ఎవరింట్లో భోజనం చేయనని, ఎవరింటి పిల్లను కోడలిగా తెచ్చుకోనని లోలోపల నిర్ణయించుకున్నాను? ఒక్క ఇల్లు గుర్తొచ్చినా, సోమవారం ఆ గడప తొక్కుదాం. వాళ్లు పెట్టింది తిందాం, మన పిల్లలతోనూ తినిపిద్దాం. ఇతరులకు పశ్చాత్తాపం ప్రకటించే అర్హత మనకు అక్కడి నుంచే మొదలవుతుంది.